అ.చె. ఇరవై రెండు

ఎండ 1

ఈ మంగళవారం పదకొండింటికి మా వీధి మీద తెర తీశారు. పదకొండూ ఐదుకి అప్పడాలు పరిచాం. మొత్తం తొమ్మిది వందలు. పెట్టె చెప్పిన తీసే వేళ మూడూ పది. సరిగ్గా మూడూ పదికి తీశాం.

తెర ఆఫీసు వాళ్ళు ఇంతవరకే రాయమన్నారు. కింద "ఇతర వివరాలు" అని ఇంత ఖాళీ వదిలారు. అది చూస్తే రాయాలనిపించింది. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి. నోటితో చెప్తే మిషనే రాసుకుంటుంది అన్నారు గాని వద్దన్నాను. అంకెలు తిన్నగా రాయడం మా హైమ నేర్పింది నాకు. ఏడుని కొక్కెంలా రాయకమ్మా అని ఎన్నిసార్లు చెప్పిందో.

హైమ నా కూతురు. ముప్ఫై ఒక్క ఏళ్ళు. పోయి ఏడు నెలలైంది. తొమ్మిది రోజుల జ్వరం.

ఈ పెట్టెలో ఉన్న లెక్క అది రాసిందే. పెట్టె అంటే గోడకి బిగించిన చిన్న పలక, దాని వెనక మిషను. మాట్లాడదు. పొద్దున్నే మూడు అంకెలు చూపిస్తుంది. ఎన్ని ఒత్తాలి, ఎప్పుడు పరవాలి, ఎప్పుడు తీయాలి. కింద మూలని చిన్న అక్షరాలతో "లెక్క: హైమావతి" అని ఉంటుంది. నేను ముందు ఆ మూల చూసి, తర్వాత అంకెలు చూస్తాను.

లెక్క రాసిన మనిషి పోతే ఆ లెక్కని మళ్ళీ పరీక్షకి పెడతారట. పన్నెండు ఎండలు. ప్రతి ఎండకీ వంద అప్పడాలు కుదుపు బల్ల మీద పెట్టాలి. రోడ్డు మీద బండి ఎంత కుదుపుతుందో అంత కుదుపుతుంది అది. అయిదుకి మించి పగిలితే ఆ ఎండ తప్పినట్టు. పన్నెండిట్లో ఎనిమిది నిలవాలి. నిలవకపోతే హైమ లెక్క తీసేసి ఉమ్మడి లెక్క పెడతారు. దాంట్లో మా లాంటి చిన్న పెరళ్ళకి ఎండ రాదు. అందరం పోయి కరెంటు గదిలో ఆరబెట్టుకోవాలి. అలా ఆరిన అప్పడం నూనెలో వేస్తే పొంగదు, ముడుచుకుంటుంది. అదొకటి. పలక మూలని పేరు పోతుంది. అది రెండోది. నాకు ఆ రెండోదే ముందు.

ఈ రోజు పగిలినవి పదకొండు.

ఎండ 2

శనివారం. పలక ఎనిమిది వందల యాభై ఒత్తమంది, ఒత్తాం. తీసే వేళ రెండూ యాభై అయిదు. ఆ నిమిషానికే తీశాం. పగిలినవి తొమ్మిది.

మేం అంటే నేనూ, నూకరత్నమూ. రత్నం మా ఆయన తరఫు దూరపు చుట్టం, వరసకి ఆడబిడ్డ. పద్దెనిమిదేళ్ళ బట్టి నా పక్కన పీట వేసుకుని అప్పడాలు ఒత్తుతోంది. నోరు ఊరుకోదు గాని చెయ్యి మంచిది. అది ఒత్తిన అప్పడం అంచూ నడుమూ ఒకటే మందం ఉంటుంది.

పగిలిన ముక్కలు ఏరుతూ, "పిండి ముదిరిందేమో వదినా" అంది.

"పిండి అదే. సోడా అదే. ఇంగువ కూడా ఆ డబ్బాదే."

"మరైతే నీ మొహమే మారింది" అంది.

నా చిన్నప్పుడు ఎండ ఊరికే వచ్చేది. ఎవరూ అడగక్కర్లేదు. ఎక్కువైపోయి జనం రాలిపోతుంటే పైన తెర పరిచారు. ఇప్పుడు పూర్వం కుళాయి వదిలినట్టు వీధుల వారీగా వదులుతారు. మాకు మంగళవారం, శనివారం. తెర తీసే కూత వినపడగానే బొంతలూ ఊరగాయ జాడీలూ పట్టుకుని వీధంతా బయటికొస్తుంది. మా లాంటి పనివాళ్ళు మాత్రం ఎంత ఎండ కావాలో లెక్క చూపించి తీసుకోవాలి.

హైమ ఆ లెక్క కోసం రెండేళ్ళు అప్పడాలు తూచింది. గంట గంటకీ తీసి తూచడం, కాగితం మీద చుక్క పెట్టడం. చుక్కలన్నీ కలిపి నాకు చూపించింది. "అమ్మా, చూడు. ముందు పైతడి పోతుంది. అది పోయేదాకా అప్పడం చల్లగా ఉంటుంది. తర్వాత ఒక్కసారి వేడెక్కిపోతుంది. ఇదిగో ఈ మలుపు. ఇక్కడ తీయాలి మనం. దాటితే పెళుసెక్కి పగులుతుంది." ఆ మలుపు ఎప్పుడొస్తుందో గాలిని బట్టీ, గాల్లో చెమ్మని బట్టీ, పైన తెర ఎంత పల్చగా తీశారన్న దాన్ని బట్టీ ఉంటుందట.

ఎన్ని ఒత్తాలన్నదీ అక్కడి నుంచే తీసింది. చెమ్మగా ఉన్న రోజున జనం పప్పుచారు పెట్టుకుంటారు, అప్పడం అడుగుతారు అని. "ఏ చెమ్మ మనకి అడ్డమో ఆ చెమ్మే మనకి బేరం తెస్తుందమ్మా, రెండూ ఒకే అంకె" అని నవ్వింది. అప్పుడు నాకు అర్థం కాలేదు. అయినట్టు తలూపాను.

ఎండ 3

ఈ రోజు నన్ను వేలిముద్రకి తెర ఆఫీసుకి పిలిచారు. హైమ పోయిన కాగితం మీద వెయ్యాలి. వరసలో నిలబెట్టారు. తీసే వేళ మూడూ పాతిక అని రత్నానికి రెండుసార్లు చెప్పి వెళ్ళాను.

నేను వచ్చేసరికి మూడూ పది. పెరడు ఖాళీ. అప్పడాలన్నీ బుట్టల్లో ఉన్నాయి.

"ఏంటిది రత్నం, ఎవరు తియ్యమన్నారు నిన్ను?"

"ఎవరు తియ్యమనాలి? ఇన్నేళ్ళూ ఈ వేళకే కదా తీసింది."

"పలక మూడూ పాతిక అంది."

"పలక అంటుంది. హైమ ఉన్నప్పుడు నువ్వేనాడైనా ఆగావా?"

నాకు కోపం వచ్చింది. అది బతికున్నప్పుడు వినలేదు, నిజమే. ఇప్పుడన్నా వినాలి కదా. దాని మాట ఒక్కటీ జవదాటకూడదని పెద్దకర్మ అయిన రోజున అనుకున్నాను. ఆ పలక మీద ఏ అంకె ఉంటే అదే. నిమిషం ముందూ లేదు, నిమిషం వెనకా లేదు. ఇది రత్నంతో చెప్పలేదు. "నా పెరట్లో నా మాట చెల్లాలి" అని మాత్రం అన్నాను. అది మూతి తిప్పుకుని పోయింది.

పగిలినవి రెండు. గాలి అనుకూలించిందనుకుంటాను.

ఎండ 4

తీసే వేళ మూడూ అయిదు. గడియారం పట్టుకుని నిలబడి తీయించాను. పగిలినవి పద్నాలుగు.

ఎండ 5

పగిలినవి పది. తీసే వేళ సరిగ్గానే పాటించాం. ఇప్పటికి నాలుగు తప్పాయి. ఇంకొక్కటి తప్పితే అయిపోయినట్టే.

పలక ముందు నిలబడి చాలాసేపు చూశాను. హైమ రాసిన లెక్క తప్పు అవుతుందా? అంత చదివి, అన్ని అప్పడాలు తూచి. నేను చేసే పనిలోనే ఏదో దోషం ఉండాలి. ఏం చేస్తున్నానో తెలియడం లేదు. చెప్పినట్టే చేస్తున్నాను.

ఎండ లేని రోజు, బుధవారం

ఈ రోజు రాయక్కర్లేదు. రాస్తున్నాను.

తెర ఆఫీసు నుంచి పరిశీలనకి ఒక అమ్మాయి వచ్చింది. షాహిదా అని. సైకిలు గోడకి ఆనించి, చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చింది. హైమ కన్నా చిన్నదే. ఆఫీసు మనిషి కదా అని మేడంగారూ అన్నాను. తను నన్ను పిన్నిగారూ అంది.

"పిన్నిగారూ, హైమావతి గారి లెక్కలో నలభై ఒక్క అంకెలున్నాయి. నలభైకి ఆధారం దొరికింది. గాలి, చెమ్మ, పిండి మందం, పెళ్ళి ముహూర్తాలు, అన్నిటికీ ఆవిడే రాసిపెట్టారు. ఒక్క దగ్గర ఆగిపోయాం." తన పలక తిప్పి చూపించింది. "ఇదిగో. అ.చె. అని ఉంది. ఇరవై రెండు. మా పెద్దవాళ్ళు అధిక చెమ్మ అనుకుంటున్నారు. కాని చెమ్మ ఇంకోచోట వచ్చేసింది. మీకేమైనా తెలుసా అని."

నాకేం తెలుస్తుంది. ఆ అక్షరాల వంక చూస్తున్నాను. ఎక్కడో చూసినట్టే ఉంది.

రత్నం పీట మీద నుంచి లేవకుండానే వంటింటి గోడ వంక చెయ్యి చూపించింది. "అదిగో, అక్కడ లేదూ ఆ ముక్క?"

గోడకి అంటించిన కాగితం. పిండి కలిపే పాళ్ళు. ఓసారి నాకు కాలు బెణికి మంచం పట్టినప్పుడు హైమ నన్ను అడిగి రాసుకుంది. ఉప్పు ఎంతమ్మా అంటే చేతికి వచ్చినంత అన్నాను. కారం ఎంత అంటే అదీ అంతే అన్నాను. అది విసుక్కుని అన్నిటి పక్కనా ఒకటే రాసింది. మినప్పిండి, రెండు కుంచాలు. ఉప్పు, అ.చె. కారం, అ.చె. ఇంగువ, అ.చె.

"అమ్మ చెయ్యి" అన్నాను.

షాహిదా కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత పలక మీద ఏదో నొక్కుకుంటూ కూర్చుంది. రత్నం తన ముందు నాలుగు వేయించిన అప్పడాలు పెట్టింది. వాటి వంక చూడను కూడా చూడలేదు.

కాసేపటికి మెల్లిగా అంది. "పిన్నిగారూ, లెక్క ప్రకారం అసలు తీసే వేళ ఒకటొస్తోంది. దానికి ఈ ఇరవై రెండు కలిపి, ఆ వేళ మీకు చూపిస్తోంది. ఇవి నిమిషాలు. ఎందుకు కలపాలో నాకు అర్థం కావడం లేదు."

"ఎందుకేంటండి" అంది రత్నం. "ఈవిడ చెప్పిన మాట విన్నదెప్పుడు? పలక మూడున్నర అంటే మూడింటికే లేస్తుంది. మా అమ్మ ఇలాగే తీసేది, వాన మీద పడితే ఎవరు దిక్కు అంటుంది. పాపం ఆ పిల్ల చెప్పీ చెప్పీ విసిగిపోయింది. మొదటి ఏడు పచ్చిగా తీసి, డబ్బాలకి డబ్బాలు బూజు పట్టించలేదూ?"

అది నిజం. మొదటి ఏడు బూజు పట్టాయి. రెండో ఏడు నుంచి పట్టలేదు. నా చెయ్యి కుదిరిందనుకున్నాను. వీధంతా చెప్పుకున్నాను కూడా. హైమ వింటూ ఉండేది. ఏమీ అనేది కాదు.

నేను ముందే తీసేస్తానని తెలిసి, అది వేళని వెనక్కి జరిపింది. నేను వినకుండా తీసిన వేళే సరైన వేళ అయ్యేటట్టు.

ఇప్పుడు ఏడు నెలల బట్టి నేను వింటున్నాను.

ఇంకో సంగతి కూడా ఉందంది షాహిదా. ఆ అంకె మొదటి నుంచీ ఇరవై రెండు కాదట. ఏడాదికోసారి మార్చిందట, మార్చినప్పుడల్లా పక్కన ఒక మాట రాసుకుందట. చదవమన్నాను. చదివింది.

మొదట యాభై ఒకటి. పక్కన "అస్సలు నమ్మదు."

నలభై నాలుగు. "నమ్మదు. కాని గడియారం చూస్తోంది."

ముప్ఫై ఎనిమిది. "రత్నమత్త దగ్గర నన్ను మెచ్చుకుంది. అయినా తీసేసింది."

అలా తగ్గుతూ వచ్చింది. చివరిది కిందటేడాది. ఇరవై రెండు. పక్కన "చాలు. ఇంతకన్నా తగ్గక్కర్లేదు."

రత్నం పీట తీసుకుని పెరట్లోకి పోయింది. ముక్కు చీదడం వినిపించింది.

షాహిదా అంది. "ఇప్పుడు మీరు పలక ప్రకారమే తీస్తున్నారు కాబట్టి, ఆ అంకె సున్నా చేస్తే చాలు పిన్నిగారూ. లెక్క మిగతాదంతా బంగారం. మిగిలిన ఏడూ నిలుస్తాయి. కాకపోతే..."

"చెప్పమ్మా."

"అంకె మారిస్తే మార్చినవాళ్ళ పేరు పడుతుంది. రూలు. హైమావతి గారి పేరు తీసి నా పేరు పెట్టాల్సొస్తుంది. పోనీ అలాగే ఉంచుదామంటే ఆధారం గడి నిండాలి. అది కాక మీరు మళ్ళీ ఇరవై రెండు నిమిషాలు ముందు తీయాలి. ఒక్క ఎండ కూడా తప్పకూడదు."

పేరు పెట్టుకోవడానికి ఆ పిల్లేమీ ఉబలాటపడటం లేదు. ఇబ్బందిగానే చెప్పింది. పన్నెండో ఎండ దాకా టైమివ్వమన్నాను. సరే అంది. పోతూ పోతూ అప్పడం నోట్లో వేసుకుని, సైకిలు దగ్గర ఆగి, ఇంకొకటి అడిగి తీసుకుంది.

ఎండ 6

పలక మూడూ ఇరవై అంది. అంటే మూడింటికి రెండు నిమిషాలు తక్కువకి తీయాలి. తేలికే అనుకున్నాను.

వేళైంది. లేచాను. చెయ్యి సాగలేదు. పలక మూలని దాని పేరుంది. మూడూ ఇరవై అని అది చెప్తోంది. ముందే తీస్తే దాని మాట తోసేసినట్టు. ముందు తియ్యాలని అదే రాసిందని తెలుసు. తెలిసీ కూర్చున్నాను. మళ్ళీ లేచాను. మొదటి అప్పడం తీసేసరికి మూడూ ఆరు.

పగిలినవి సరిగ్గా అయిదు. నిలిచింది. ఒక్కటి ఎక్కువైతే అంతే సంగతులు.

బల్ల ఆగాక రత్నం అంది. "వదినా, వచ్చే ఎండకి నువ్వు వీధి అరుగు మీద కూర్చో. నేను తీస్తాను."

"అది అమ్మ చెయ్యి. అత్త చెయ్యి కాదు" అన్నాను.

"అబ్బో" అంది.

ఎండ 7

ఈ రోజు గురించి వివరంగా రాస్తాను.

పలక మూడూ ముప్ఫై అయిదు అంది. పరిచింది వెయ్యి. రెండున్నరకి పడమటి వైపు నిజం మబ్బు ఒకటి లేచింది, తెర కింద. రెండూ యాభైకి గాలి మారింది. నేను చాప అంచున కూర్చుని గడియారం చూసుకుంటున్నాను. మూడూ పదమూడు ఎప్పుడవుతుందా అని. అప్పుడైనా చెయ్యి సాగుతుందో లేదో అని.

రత్నం వచ్చి పక్కన నిలబడింది. "మబ్బు చూశావా?"

"చూశాను."

"వాన కొడితే?"

"పలక కొట్టదంది."

"పలక అంటే సరిపోయిందా? మీ అమ్మాయి చదువుకుంది కదా, దానికన్నీ తెలుసులే. కూర్చో. మూడూ ముప్ఫై అయిదు దాకా కూర్చో. దాని లెక్క ముందు నువ్వెంత, నీ చెయ్యెంత. ముప్ఫై ఏళ్ళు ఏ చెయ్యి పెట్టి తీశావో అది గోదాట్లో కలిపేయ్. పేపరు మీద చుక్కలు పెట్టిన పిల్లకి తెలుసు గాని నీకేం తెలుస్తుంది ఎండ?"

"దానికేం తెలుసే ఎండ" అనేశాను. "నీడపట్టున కూర్చుని లెక్కలు రాసే పిల్ల. తడిసిన అప్పడం ఏనాడైనా మోసిందా? మూడూ ముప్ఫై అయిదట. వెయ్యి అప్పడాలు వానపాలు చేసి కూర్చోమంటుందా? ఎంత చెప్పినా దాని మొండితనం దానిదే."

అంటూనే లేచాను. అంటూనే తీస్తున్నాను. రెండు చేతులా. రత్నం అటు నుంచి తీసుకొస్తోంది. సగం చాప ఖాళీ అయ్యాక నాకు తట్టింది. అది పోయాక దాన్ని నేను తిట్టడం ఇదే మొదలు. ఏడు నెలలూ పోయినవాళ్ళని అనకూడదని పల్లెత్తు మాట అనలేదు. మంచిదనే అన్నాను, బంగారమనే అన్నాను. అందరూ అలాగే అంటారు కదా. ఏ బంగారం గురించి చెప్తున్నానో నాకే పరాయిగా ఉండేది. ఈ రోజు తిడితే అది పక్కనే ఉండి, కళ్ళజోడు తుడుచుకుంటూ, అవునమ్మా నాకేం తెలుసు అన్నట్టే ఉంది.

కుప్ప మీద ఆఖరి అప్పడం పెట్టి గడియారం చూశాను. మూడూ పద్నాలుగు.

వాన రాలేదు. పగిలింది ఒక్కటి.

ఎండ 8

తీశాను. పగిలినవి మూడు. గడియారం వంటింట్లో పెట్టించాను. ఎన్నింటికి తీశానో రత్నం రాసుకుంటోంది.

ఎండ 9

పలక మూడూ అయిదు. తీసింది రెండూ నలభై రెండు. పగిలినవి రెండు. ఏడు వందలే ఒత్తమంది పొద్దున్న. ఏం లెక్కో, ఎల్లుండి రెండు పెళ్ళిళ్ళుంటే ఏడు వందలు ఏ మూలకి అని గొణిగాను. కాని అంతే ఒత్తాం. ఒక పెళ్ళి వాయిదా పడిందని సాయంత్రం తెలిసింది.

ఎండ 10

పగిలినవి నాలుగు. ఉక్క. రత్నానికి నడుం పట్టేసింది, అయినా నోరు పట్టలేదు.

ఎండ 11

పగిలినవి రెండు. మూలనున్న పేరు మీద పిండి పడితే తుడిచాను.

ఎండ 12

షాహిదా పదిన్నరకే వచ్చి కూర్చుంది. తెర తీయడం దగ్గర్నుంచీ చూసింది. పరవడానికి తనూ చెయ్యి వేసింది, మూడు అప్పడాలు మడత పడేసింది. రత్నం వాటిని విడిగా పెట్టి, "ఇవి ఆఫీసువారివి" అంది.

పలక మూడూ నలభై అంది. నేను ఏదో పని చేసుకుంటూ ఏదో గొణుక్కుంటూ తీశాను. ఆ పిల్ల తన గడియారం చూసుకుని రాసుకుంది గాని నాకు చెప్పలేదు. కుదుపు బల్ల ఆగింది. డబ్బా మూత తీసి తనే లెక్కపెట్టింది. మూడు.

ఎనిమిది నిలిచాయి.

"ఇక గడి ఒక్కటే పిన్నిగారూ" అని కాగితం నా ముందు పెట్టింది. పైన అచ్చుంది. అంకె: అ.చె. విలువ: ఇరవై రెండు. ఆధారం: అని ఖాళీ. "మీరు చెప్పండి, నేను ఆఫీసు భాషలో రాస్తాను."

"నేనే రాస్తాను" అన్నాను.

పెన్ను తీసుకున్నాను. ఏం రాయాలా అని ఆలోచించలేదు, ఈ మూడు వారాలూ అదే ఆలోచించాను కాబట్టి. ఆధారం పక్కన "వాళ్ళమ్మ" అని రాశాను.

షాహిదా చదివింది. కొట్టేయమంటుందేమో అనుకున్నాను. అనలేదు. "ఇంకొకటి అడగాలి, రూలు ప్రకారం" అంది. "ఇక ముందు కూడా ఇరవై రెండే ఉంటుందని మీరు ఎలా చెప్పగలరు?"

"తొమ్మిదేళ్ళు చూసి రాసింది కదమ్మా. నా గురించి అది తప్పు రాయదు."

ఆ పిల్ల కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. పోయేముందు తన రాత కూడా నాకు చూపించింది. నేను తీసిన వేళ మూడూ పద్దెనిమిది.

ఎండ 13

ఇక రాయక్కర్లేదన్నారు. పుస్తకంలో ఇంకా కాగితాలున్నాయి.

తెర పదకొండింటికి తీశారు. తొమ్మిది వందలు పరిచాం. గాలి బాగుంది. పలక మూలని పేరు ఉంది. తీసే వేళ మూడున్నర అంటోంది.

దానికేం తెలుసు.